చూపు పోయిన కుందేళ్ల గది

సికింద్రాబాదు శివారులో, యజమానులు వదిలేసిన పెంపుడు కుందేళ్లను చేరదీసే ఒక ఇంటి కింది అంతస్తులో, చూపు కోల్పోయిన కుందేళ్లకు ఒక గదిని విడిగా కేటాయించారు. గడప దాటగానే ముందుగా గమనించవలసింది నేలను. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదాలకు మెత్తలు ఉండవు, వెంట్రుకలే ఉంటాయి. అందువల్ల నున్నటి టైల్సుపై చూపున్న కుందేలే కాలు జారి తడబడుతుంది, చూపులేనిది మూలన కూర్చుండిపోతుంది. ఆ గదిలో గోడ నుంచి గోడ దాకా నూలు జంపఖానాలు పరచి, నీళ్లగిన్నె దగ్గర చాప, ఎండుగడ్డి తొట్టి ముందు మందపాటి బొంత వేసి, ఏ చోటు ఏదో పాదానికే తెలిసేలా చేశారు.

కుందేలు కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల దాదాపు చుట్టూ ఉన్నదంతా దానికి కనిపిస్తుంది, ముక్కు ముందరి కొద్ది మేర తప్ప. ఆ చూపు పోవడానికి కారణాలు అనేకం. ఎన్‌సెఫాలిటోజూన్ క్యునిక్యులై అనే సూక్ష్మ పరాన్నజీవి తల్లి గర్భంలోనే పిల్లకు సోకి, కంటి కటకంలో చేరి, శుక్లాన్నీ కంటిలోపలి వాపునూ కలిగించవచ్చు. న్యూజిలాండ్ వైట్ జాతిలో నీటికాసులు, అనగా కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా, వంశపారంపర్యంగా రావచ్చు. ఎర్రకళ్ల తెల్లకుందేళ్లు తలను అటూ ఇటూ ఊపుతూ చూడడాన్ని గుడ్డితనంగా పొరబడకూడదు. రంగుపదార్థం లేని ఆ కళ్లకు చూపు మందంగా ఉన్నందువల్ల అవి అలా దూరాన్ని అంచనా వేసుకుంటాయి.

ఒక బూడిదరంగు కుందేలు మీసాలను గోడకు ఆనించి, చెవులు ముందుకు చాచి, జంపఖానా అంచు వెంబడే తొట్టి దాకా నడిచి, దాని మూలకు గడ్డాన్ని రెండుసార్లు రుద్దింది. గడ్డం కింద ఉండే గంధగ్రంథులు, అనగా వాసనద్రవాన్ని స్రవించే గ్రంథులు, మనిషి ముక్కుకు అందని గుర్తును అక్కడ వదులుతాయి. చూపులేని కుందేలు దారి తెలుసుకోవడానికి ఆ గుర్తులు ఎంతో ఆసరా. శుభ్రత మీది ప్రేమతో గదినంతా ఒకేరోజు ఫినాయిల్‌తో కడిగితే ఆ ఆసరా పోతుంది కనుక, ఇక్కడ పరుపులను ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే ఉతుకుతారు, గిన్నెలను కడిగాక అదే చోట పెడతారు. ఈ పద్ధతి ప్రతి ఇంటా అనుసరించదగినది.

గదిలోకి వచ్చే ప్రతివారూ ముందుగా గొంతు వినిపించాలన్నది నియమం. నిర్వాహకురాలు “వస్తున్నా కన్నా” అని ప్రతిసారీ అదే స్వరంతో పలికి, చేతిని వాసన చూడనిచ్చాకే నుదురు నిమురుతారు. హఠాత్తుగా ఎత్తితే బెదిరిన కుందేలు వెనుక కాళ్లతో బలంగా తన్నుకుని తన వెన్నెముకనే విరుచుకోగలదు. మచ్చికైన జోడు ఉన్న కుందేలు త్వరగా కుదుటపడుతుంది, ఎందుకంటే తోటిది మెసలే చప్పుడును బట్టి అదీ కదులుతుంది.

అన్నింటికంటే కనిపెట్టవలసినది మేత. సగం రోజు ఏమీ తినకపోతే పేగుల కదలిక మందగించిందని అనుమానించి వెంటనే పశువైద్యునికి చూపించాలి. నీటికాసులు వచ్చిన కన్ను చూపు పోయాక కూడా నొప్పిపెడుతుంది, కుందేలు ఆ బాధను బయటికి చూపదు. అటువంటి కంటిని శస్త్రచికిత్సతో తొలగించిన కుందేలు ఒకటి, కుట్లు మానిన తరువాత, ఆ గదిలో కొత్తిమీర కట్టను కాడలతో సహా నమిలి తింటోంది.