వీపు మీద చెయ్యి

మా ఊరి హైస్కూలుకు రెండు పేర్లు. గేటు మీద రాసివున్నది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఊళ్ళో పెద్దలు ఈనాటికీ అనేది బోర్డు స్కూలు. తప్పు వారిది కాదు. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం పుణ్యమా అని జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడి, ఊళ్ళలో బళ్ళు పెట్టి నడిపాయి. 1959లో మన రాష్ట్రంలో జిల్లా పరిషత్తులు వచ్చాక ఆ బళ్ళు వాటి చేతికి వెళ్ళాయి. బోర్డు మీద అక్షరాలు మారినంత తొందరగా నోటి మాట మారదు కదా!

మా నాన్నగారు ఫస్టు ఫారంలో చేరింది ఆ రోజుల్లోనే. ఆయన సిక్స్తు ఫారం చదివి యస్.యస్.యల్.సి. పూర్తి చేశారు. అంటే పదకొండేళ్ళ చదువు. 1969 తర్వాత రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చి హైస్కూలు పదో తరగతితో ముగియడం మొదలైంది. నేను చదివింది 1990ల్లో. ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. 35 వస్తే గట్టెక్కినట్టు; హిందీకి మాత్రం అంతకన్న తక్కువ వచ్చినా క్షమించేవారు. ఆ దయ లేకపోతే మా ఊరు సగం పదో తరగతి దగ్గరే ఆగిపోయేది.

బడి చిన్నదే గాని ఆటస్థలం పెద్దది. చివరి పీరియడు దగ్గర మా తెలుగు మాస్టారికీ, డ్రిల్లు మాస్టారికీ రోజూ తగాదా. ఈయన బల్ల మీద యతిప్రాసలు పూర్తి చెయ్యాలంటారు. ఆయన ఈల పట్టుకుని గుమ్మంలో నిలబడతారు. నేను తెలుగు మాస్టారి పక్షం. పద్యం రాగయుక్తంగా చదివే కుర్రాణ్ణి, ఎండలో పరుగెత్తడమెందుకు? డ్రిల్లు మాస్టారంటే చదువు రానివారు కాబోలుననే చులకన కూడా ఉండేది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానానికి చేర్చి, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెప్పించిన హైదరాబాదు రహీంగారు బడిపంతులేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా బడికి పేరు తెచ్చింది ఖోఖో. దానికి బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు. రెండు గుంజలు, సున్నపు గీతలు ఉంటే చాలు. 1914లో పూనాలో దీనికి నియమాలు రాశారు. జాతీయ పోటీలు మొట్టమొదట జరిగింది మన విజయవాడలోనే, 1959-60లో. తొమ్మండుగురిలో ఎనిమిదిమంది నడిమి గీత మీద, ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చోవాలి. తొమ్మిదోవాడు తరమాలి. వాడు నడిమి గీత దాటరాదు. దొంగ అవతలికి దూరితే, కూర్చున్నవాడి వీపు తట్టి “ఖో” అనాలి. వాడు లేచి తరుముతాడు. వీడు వాడి చోట కూర్చుంటాడు. ఎవరు తట్టినా లేవాలి. ఎవరినైనా తట్టాలి. ఆట అంతా అందులోనే ఉంది.

మనిషి తక్కువై డ్రిల్లు మాస్టారు నన్నూ గీత మీద కూర్చోబెట్టారు. నా పక్క చోటువాడు పేట నుంచి వచ్చేవాడు. మా ఊళ్ళో పేట అంటే ఏ పేటో ఎవరూ విడమరచి చెప్పరు. వాడి అంత వేగంగా లేచేవాడు జట్టులో లేడు. సాయంత్రం ఇంటికి వెడితే మా నాయనమ్మ పెరటి గుమ్మంలోనే ఆపేది. “ఎవరెవరు తట్టార్రా?” అనేది. చొక్కా విప్పి, నూతి దగ్గర రెండు చెంబులు గుమ్మరించుకున్నాకే అన్నం. నన్ను ప్రాణంగా పెంచిన మనిషే ఆవిడ.

తొమ్మిదో తరగతిలో వార్షికోత్సవం నాడు పక్క ఊరి బడితో పోటీ. కుర్చీల్లో ఊరి పెద్దలు, వెనక మా నాయనమ్మ. నేను తరుముతున్నాను. దొంగ గీత అవతలికి దూరాడు. నా ఎదుట వాడి వీపు. ఒక్క తట్టు చాలు. కళ్ళు కుర్చీలవైపు వెళ్ళాయి. చెయ్యి లేచినది లేచినట్టే ఆగింది. వాణ్ణి దాటి, అవతలి కుర్రాణ్ణి తట్టాను. అప్పటికి దొంగ గుంజ దాటాడు. ఓడిపోయాం. డ్రిల్లు మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. వాడే దగ్గరకు వచ్చి, “ఏరా, చెయ్యి బెణికిందా?” అన్నాడు. తల ఊపాను.

పదో తరగతి తర్వాత వాడు ఎటు వెళ్ళాడో నేను కనుక్కోలేదు. అది రెండో తప్పు.

ఇప్పుడు మా అమ్మాయి చదివేది పట్నంలో నాలుగంతస్తుల మేడలో. టైంటేబిల్లో ఆటల పీరియడు ఉంది. ఆ గంటలో లెక్కలు చెబుతారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. ఆటస్థలం లేని బడికి అడిగినంత ఫీజు కట్టినవాణ్ణి నేనే గనుక ఎవరినీ నిందించలేను. అంత ఫీజు కట్టగలవారి పిల్లలే అక్కడి పిల్లలు. మా నాయనమ్మ చెంబుతో చేసిన పనిని నేను రసీదుతో చేస్తున్నానా అని ఒక్కొక్కప్పుడు గుబులు పుడుతుంది.

మొన్న డిసెంబరులో పొలం పనిమీద ఊరికి వెళ్ళి, అమ్మాయిని బడి చూపించడానికి తీసుకెళ్ళాను. ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ప్రపంచ కప్పు మన ఆడపిల్లలు, మగపిల్లలు కూడా గెలిచాక ఈ ఆటకు కొంత మర్యాద పెరిగిందట. ఒక పిల్ల రాలేదని వ్యాయామోపాధ్యాయిని మా అమ్మాయిని గీత మీద కూర్చోబెట్టారు. వెనకనుంచి ఒక పిల్ల దభీమని తట్టి “ఖో!” అన్నది. ఇది లేవలేదు, వెనక్కి తిరిగి చూసింది. అందరూ ఘొల్లున నవ్వారు. రెండోసారి తట్టేసరికి లేచి పరుగెత్తింది. అలా పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి దాని తెల్ల చొక్కా వీపు మీద అయిదు వేళ్ళూ ఎర్రమట్టిలో అచ్చుపడి ఉన్నాయి. వాళ్ళమ్మ దులపబోయింది.

“ఉండనీ,” అన్నాను.

“మరక పడుతుందండీ!”

“మట్టి మరకేగా. ఉతికితే పోతుంది.”