పాట ఖరీదు

మా ఇంట్లో ‘పాట’ అంటే రెండర్థాలు. మా అమ్మాయి వీణ మీద పలికించేది ఒకటి. నెలకోసారి నేను చిట్టీ ఆఫీసుకు వెళ్లి వినేది ఇంకొకటి. నిరుడు వేసవిలో ఈ రెండు పాటలూ ఒకదానికొకటి అడ్డం వచ్చాయి.

అమ్మాయికి పదిహేనేళ్లు. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది. చెన్నైలో మూడు వారాల వేసవి సంగీత శిబిరం ఉందనీ, అక్కడే ఉండి నేర్చుకోవచ్చనీ మా చెల్లెలు వాట్సాప్‌లో కరపత్రం పంపింది. దాని నిండా పేరున్న విద్వాంసుల ఫొటోలు. ఏప్రిల్ 15 లోగా ఫీజు కట్టాలి.

మాది విజయనగరం. 1919లో మొదలైన మహారాజా వారి సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు నేర్పింది ఇక్కడే. “ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో ఉంటూ పాఠానికి చెన్నై దాకా ఎందుకు?” అన్నారు మావారు. “చరిత్ర వచ్చి పాఠం చెప్పదు కదండీ” అన్నాను. అంతవరకూ నా మనసు చెన్నై వైపే ఉంది.

తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. ఫీజు 42,000. హాస్టలు, భోజనం 15,000. దింపడానికి, తీసుకురావడానికి నేను రెండుసార్లు వెళ్లిరావాలి. వీణను సీటు కిందకు తొయ్యలేం, దానికీ ఒక బెర్తు కావాలి. ప్రయాణాలకు 14,000. చేతిఖర్చులకు 6,000. వెరసి 77,000. పాత విధానంలో పన్ను కట్టే నాకు 80సి మినహాయింపు గుర్తొచ్చింది కానీ, అందులో చూపించే ట్యూషన్ ఫీజు స్కూళ్లు, కాలేజీల్లో పూర్తికాలం చదువుకే. శిబిరాలకు కాదు.

ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? నెలకు ఐదు వేల చొప్పున ఇరవై నెలల లక్ష రూపాయల చిట్టీ వేస్తున్నాను. అప్పటికి అది ఏడో నెల. అప్పుడు ఎత్తాలంటే 18,000 వదులుకుంటే గానీ పాట నా పేరున కొట్టరు. అంటే చేతికొచ్చేది 82,000. అదే చివరి నెలదాకా ఆగితే కంపెనీ కమీషన్ 5,000 పోను 95,000 వస్తుంది. తొందరపడి ఎత్తినందుకు నేను కట్టే మూల్యం 13,000. అది కరపత్రంలో ఎక్కడా ఉండదు. మన ఖర్చుల చీటీలో మనమే రాసుకోవాలి. కాబట్టి శిబిరం నాకు పడేది 77,000 కాదు, 90,000.

అంతకుముందు ఏడాది తిన్న దెబ్బ ఇంకా మానలేదు. విశాఖలో పది రోజుల శిబిరమంటే 12,000 కట్టి పంపాను. ఒక్క హాల్లో అరవై మంది పిల్లలు. ఎవరి పేరు చూసి డబ్బు కట్టామో ఆ విద్వాంసుడు ఆఖరి రోజున వచ్చారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. అమ్మాయి ఇంటికి తెచ్చింది సగం కీర్తన, ఒక సర్టిఫికెట్. సర్టిఫికెట్ షోకేసులో ఉంది. మిగతా సగం కీర్తన మా వీణ టీచర్ గారే చెప్పారు.

అందుకే ఈసారి చెన్నైకి ఫోన్ చేసి అడగాల్సినవన్నీ అడిగాను. వీణ పిల్లలు ఎంతమంది? మా అమ్మాయితో కలిపి నలుగురు. వాళ్లకు విడిగా క్లాసు ఉంటుందా? ఫిడేలు, వేణువు పిల్లలతో కలిపి ఒకే హాల్లో. పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పేది ఎంతసేపు? వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఫొటోల్లో ఉన్నవాళ్లు ఎన్ని రోజులు వస్తారు? తలా ఒకరోజు. మధ్యలో వచ్చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా? ఇవ్వరు. అడిగినదానికల్లా వాళ్లు దాపరికం లేకుండా చెప్పారు. వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. విశాఖ వాళ్లను నేనీ ప్రశ్నలు అడగనే లేదు.

మూడు వారాల్లో పిల్ల చేతివేళ్లను గురువు దగ్గరగా చూసేది మొత్తం మూడు గంటలు. 90,000ను మూడుతో భాగిస్తే గంటకు 30,000. ఇది కొంచెం మొండి లెక్కే. నలుగురితో కలిసి నేర్చుకునేదానికి కూడా విలువ ఉంటుంది. అయినా ఆ అంకె చూశాక నిద్ర పట్టలేదు.

ఇంకొక అనుమానం కూడా ఉంది. అసలు అమ్మాయికి సంగీతం మీద అంత ఇష్టం ఉందా? పరీక్షలు అయిపోయాక పది రోజులు ఏమీ అనకుండా గమనించాను. వీణ తీసింది మూడు రోజులే. అదీ పావుగంట వాయించి, గవుసెన తొడిగేసేది. సరే, జవాబు దొరికింది, డబ్బు మిగిలింది అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తింటూ అడిగేశాను.

“నీకు విసుగొస్తే చెప్పు తల్లీ. బలవంతం లేదు.”

“విసుగు కాదమ్మా. పై స్థాయిలో మెట్లు పలకట్లేదు. మేళం మెత్తబడిపోయింది. గమకం వేస్తే మెట్టు కదులుతోంది.”

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“చెన్నైకే అంత ఖర్చని నువ్వూ నాన్నా రోజూ మాట్లాడుకుంటున్నారు కదా. మళ్లీ ఇదొకటా అని.”

వీణకు ఉండే ఇరవైనాలుగు మెట్లనూ నిలబెట్టేది నల్లటి మైనం. దాన్నే మేళం అంటారు. ఎండల్లో అది కరిగి మెత్తబడుతుంది, మెట్లు జారి శ్రుతి తప్పుతాయి. ఆ వీణతోనే చెన్నై పంపి ఉంటే, గంటకు 30,000 ఇచ్చి అపస్వరాలు దిద్దించేవాళ్లం.

ఆదివారం తల్లీకూతుళ్లం వీణను ఒళ్లో పెట్టుకుని పాసింజరులో బొబ్బిలి వెళ్లాం. ఊరి పక్కనే గొల్లపల్లి. ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే సర్వసిద్ధి వారి కుటుంబాలు ఉండేది అక్కడే. పాత మేళం ఊడదీసి, కొత్తది కట్టి, ఒక్కొక్క మెట్టూ చెవితో వింటూ సర్దడానికి కొన్ని రోజులు పట్టింది. మేళానికి 5,000, తంత్రులకు 1,200, మా రాకపోకలకు 1,000. తర్వాత టీచర్ గారిని బతిమాలితే నలభై రోజులు, రోజూ ఉదయం గంటసేపు చెప్పడానికి ఒప్పుకున్నారు. దానికి 4,500. అన్నీ కలిపి 11,700. విశాఖ శిబిరానికి పోసినదానికంటే 300 తక్కువ.

ఆ వేసవిలో ఆది తాళ వర్ణం రెండు కాలాల్లో చేతికి వచ్చింది. వద్దన్నా వీణ దించేది కాదు. చిట్టీ జోలికి పోలేదు.

ఇక్కడితో ఆపితే నా తెలివిని నేనే మెచ్చుకున్నట్టు ఉంటుంది. జూన్‌లో ఒకరోజు అమ్మాయి అంది: “చెన్నై వెళ్లుంటే వీణ వాయించే పిల్లలు ఇంకో ముగ్గురు కనపడేవాళ్లు కదమ్మా.” దాని క్లాసులో నలభై మందికి ఈఏపీసెట్ తెలుసు, మోహన రాగం తెలిసింది దానికొక్కదానికే. గురువు ఇంటి దగ్గర కూడా తోటి వయసు వాళ్లు లేరు. నేను ‘నలుగురే’ అని తేలిగ్గా తీసేసిన అంకెలో అది తనలాంటి ముగ్గురిని చూసింది. నా కాగితంలో దానికొక గడి లేదు. ఉన్నా అందులో ఏ అంకె వెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ వేసవికి చిట్టీ ముగుస్తోంది. ఇక పాట పాడి నష్టపోయే పని లేదు. కొత్త కరపత్రాలు మళ్లీ వస్తున్నాయి. ఈసారి ఫోన్ చేసి అడిగే పని అమ్మాయికే అప్పగించాను. స్వరాలు రాసుకునే పుస్తకం చివరి పేజీలో మూడు ప్రశ్నలు రాసుకుంది. వీణ పిల్లలు ఎంతమంది? రోజూ పాఠం చెప్పేది ఎవరు? ఈ రెండూ నా దగ్గర నేర్చుకున్నవే. మూడోది: సాయంత్రాలు పాఠం అయ్యాక మాలో మేం కలిసి కూర్చుని వాయించుకోనిస్తారా?

అది అడగాలని నాకు తోచనే లేదు.