అనంతగిరికి వెళ్ళి వచ్చాము



మీ ఊరి కాలువలో పారే నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో మీరెప్పుడైనా ఆలోచించారా? మా ఊరు మోస్రా. నిజామాబాదునుంచి వర్ని పోయే దారిలో ఉంటుంది. చుట్టూ పచ్చని వరిమళ్ళు. ఒకప్పుడు చెరుకుతోటలు ఇంకా ఎక్కువగా ఉండేవి. బోధనులోని చక్కెర ఫ్యాక్టరీకి చెరుకుబండ్లు వరుసగా పోతూ ఉంటే, వెనకనుంచి గడ లాగి తినని పిల్లవాడు మా కాలంలో లేడు. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. కాలువలు మాత్రం ఉన్నాయి. ఈ నీళ్ళు నిజాంసాగరునుంచి వస్తాయి. మంజీర నదికి అడ్డంగా 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆనకట్ట అది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

మొన్న దసరా సెలవులకు మా మనుమలిద్దరూ వచ్చారు. మనుమరాలు ఏడవ తరగతి, మనుమడు నాలుగవ తరగతి. రెండు రోజులు బాగానే గడిచాయి. మూడవ రోజున మనుమడు అరుగుమీద చతికిలబడి, “తాతా, ఇక్కడ కొండలు లేవు, పడవలు లేవు. ఏం చెయ్యాలి?” అన్నాడు. వాడి స్నేహితుడెవరో అనంతగిరి కొండలకు వెళ్ళి, అక్కడ చెరువులో కయాక్ నడిపి వచ్చాడట. అప్పటినుంచీ వాడికి అదే ధ్యాస. “నేనొక చేపను పట్టి అమ్మకు చూపించాలి కూడా” అని ఇంకొక కోరిక జోడించాడు. చివరకు మా అబ్బాయి కారు తీశాడు. ఐదుగురమూ బయలుదేరాము. నా గాలం కర్రను కూడా వెంట వేసుకున్నాను.

మోస్రానుంచి బాన్సువాడ, అక్కడినుంచి పిట్లం, ఆ తరువాత పెద్ద రోడ్డుమీద జోగిపేట, సంగారెడ్డి, ఆపైన వికారాబాదు. ఇదీ మా దారి. బాన్సువాడ దాటగానే మంజీర వంతెన వచ్చింది. “ఇదిగో, మన కాలువ తల్లి” అన్నాను. జోగిపేట దాటాక మళ్ళీ ఒక నది, మళ్ళీ వంతెన. మనుమరాలు ఫలకంమీది పేరు చదివి, “తాతా, ఇదీ మంజీరే! దారి తప్పి వెనక్కు వచ్చామా?” అని అడిగింది.

దారి తప్పలేదు. వంకర తిరిగింది నది. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, తూర్పు దిక్కుగా వచ్చి, సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్ళి, మెదకు మీదుగా నిజాంసాగరు చేరి, చివరకు మా జిల్లాలోనే కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఇంట్లో అట్లాసు ఉంటే తీసి చూడండి. ఆ నది అచ్చంగా చేపల గాలంలాగా వంగి ఉంటుంది. మేము ఆ గాలాన్ని రెండుచోట్ల దాటాము, అంతే!

సంగారెడ్డి దాటి వికారాబాదు వైపు పోతూ ఉంటే ఒక వింత జరుగుతుంది, కాని కంటికి కనిపించదు. అంతవరకూ కురిసిన వానంతా మంజీరలోకి, దానివెంట గోదావరిలోకి పోతుంది. ఎక్కడో ఒక మిట్ట దాటగానే, అక్కడ పడిన చినుకు కృష్ణానది దారి పడుతుంది. ఇటువంటి మిట్టను జలవిభాజకమంటారు. మనం వేసవిలో ఇంటి దూలంమీద రెండు పక్కలకూ పెంకులు కప్పుతామే, అటువంటిదే. ఇంజనీర్లకు తప్ప ఎవరికీ అక్కరలేని సంగతిలాగా ఉంటుంది గాని, ఏ ఊరికి ఏ నీళ్ళు అందుతాయో నిర్ణయించేది అదే.

సాయంకాలానికి అనంతగిరి చేరాము. హిమాలయాలు చూసినవారు దీన్ని కొండ అంటే నవ్వుతారు. మోస్రా మాగాణులు చూసి పెరిగినవారికి మాత్రం ఇది కొండే! ఎర్రమట్టి, దట్టమైన అడవి, చల్లని గాలి. ఆ గాలికోసమే పూర్వం ఇక్కడ క్షయరోగుల ఆసుపత్రి కట్టారు. మరునాడు ఉదయం అనంత పద్మనాభస్వామి గుడికి వెళ్ళి, అక్కడి కోనేరు చూశాము. మూసీనది పుట్టేది ఈ కొండల్లోనే. మా మనుమడు ఒకచోట సన్నగా పారుతున్న నీటిపాయను ఒక్క అంగలో దాటి, “నేను మూసీనది దాటాను!” అని కేకవేశాడు. ఇదే మూసీ 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నదని చెబితే వాడు నమ్మలేదు. ఆ వరద తరువాతనే నగరానికి ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు.

ఇక కయాక్ సంగతి. కొండల దిగువన కోట్‌పల్లి చెరువు ఉంది. చెరువంటే చిన్నది కాదు. పొలాలకు నీళ్ళివ్వడానికి కట్ట వేసి ఆపిన పెద్ద జలాశయం. అవతలి ఒడ్డున చెట్లు పచ్చని గీతలాగా కనిపించాయి. ఒడ్డున ఎరుపు, పసుపు రంగుల కయాకులు బోర్లించి ఉన్నాయి.

కయాక్ మన దేశపు పడవ కాదు. ఉత్తర ధ్రువం దగ్గర మంచుదేశాలలో ఉండే ఇన్యూట్ ప్రజలది. అక్కడ చెట్లు మొలవవు. అందుచేత వారు సముద్రంలో కొట్టుకువచ్చిన కర్రముక్కలను, ఎముకలను చట్రంగా కట్టి, దానిమీద సీలు చర్మం బిగించి కుట్టేవారు. చప్పుడు చెయ్యకుండా వేటకు పోవడానికి అది వారికి ఎంతో అనువైనది. మన జాలరుల పుట్టి చూశారా? వెదురుబద్దలతో గంపలాగా అల్లి, పూర్వం దానిమీద తోలు కప్పేవారు. ఎక్కడి మంచుదేశం, ఎక్కడి మన వాగులు! అయినా ఇద్దరికీ ఒకే ఉపాయం తట్టింది. తేడా ఏమంటే, పుట్టి గుండ్రన, కయాక్ సన్నన. పుట్టి బరువు బాగా మోస్తుంది, కాని గిరగిరా తిరుగుతుంది. కయాక్ బాణంలాగా పోతుంది. ఇప్పుడు చర్మాలు లేవు, అన్నీ ప్లాస్టిక్కే.

ఎక్కేముందు గాలిబరువు కూడా లేని చొక్కాలవంటివి అందరికీ తొడిగారు. వీటిలో నీటిలో మునగని నురుగుదిమ్మలుంటాయి. మా మనుమడు, “ఉక్కగా ఉంది, నాకు ఈత వచ్చు” అని విప్పబోయాడు. “విప్పితే ఒడ్డునే కూర్చో” అన్నాను. హెడ్మాస్టరు గొంతు అప్పుడప్పుడు ఇట్లా పనికివస్తుంది. ఈత వచ్చినవాడు కూడా పడవ తగిలి స్పృహ తప్పితే ఈదలేడు గదా!

వాడూ నేనూ ఒక దానిలో కూర్చున్నాము. తెడ్డుకు రెండు చివరలా రెక్కలుంటాయి. కుడివైపు నీటిని వెనక్కు తోస్తే పడవ ముందుకు పోతూ ఎడమకు తిరుగుతుంది. ఎడమవైపు తోస్తే కుడికి తిరుగుతుంది. అందుచేత ఒకసారి ఇటు, ఒకసారి అటు వెయ్యాలి. నీటిని మనం వెనక్కు తోస్తే, నీరు మనల్ని ముందుకు తోస్తుంది. న్యూటను చెప్పిన ఈ సూత్రాన్ని నేను ఎన్నో ఏళ్ళు నల్లబల్లమీద రాశాను. నీటిమీద మాత్రం తాతా మనుమళ్ళం ఇద్దరమూ ఒకే పక్కన తెడ్డు వేసి, పావుగంటసేపు ఒకే చోట గుండ్రంగా తిరిగాము. ఒడ్డుమీద మా కోడలు నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. “ఒకటి, రెండు” అని లెక్కపెట్టడం మొదలుపెట్టాక గాని పడవ మా మాట వినలేదు.

మధ్యాహ్నం చేపలవేట. చెరువులో చేపలు పట్టే హక్కు అక్కడి మత్స్యకారులది. అందుచేత ముందుగా వారిలో ఒక పెద్దాయనను అడిగాము. ఆయన నా వెదురుకర్రను చూసి నవ్వి, తమ పుట్టి కట్టిన మూలకు తీసుకుపోయాడు. మనుమరాలు ఎర్రలు గుచ్చింది. మనుమడికి అసహ్యం, చూడనే లేదు. రెల్లుగడ్డి పక్కన నీటిమీద చినుకులు పడుతున్నట్లు ఒకచోట బుడబుడమంటోంది. అక్కడ నీరు ఎర్రగా, మబ్బుముక్కలాగా ఉంది. మనుమరాలు గాలం అటు విసరబోయింది.

“బిడ్డా, ఆడ ఎయ్యకు” అన్నాడు పెద్దాయన. “అది నాచు గాదు. కొర్రమట్ట పిల్లలు. కిందనే తల్లిదండ్రులుంటయ్.”

పుస్తకాలలో కొరమీను అని ఉంటుంది. మా వైపు కొర్రమట్ట అంటారు. తెలంగాణ రాష్ట్రపు చేపగా 2016లో ప్రకటించింది దీన్నే. ఈ చేప మొప్పలతోనే కాక, పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది. గాలి అందకపోతే నీళ్ళలో ఉండి కూడా చస్తుంది. దాని పిల్లలు నారింజరంగులో వందలకొద్దీ గుంపుగా తిరుగుతాయి. పెద్దచేపలు కొన్ని వారాలపాటు వాటిని కాపలా కాస్తాయి. ఏది దగ్గరకు వచ్చినా మీదపడి కరుస్తాయి.

“అట్లయితే గాలం వేస్తే తప్పకుండా పడుతుందా?” అని అడిగాడు మా మనుమడు, కళ్ళు పెద్దవి చేసి.

“ఎందుకు పడది? ఇప్పుడే అలకగ పడ్తది. పట్నంనుంచి వచ్చినోళ్ళు ఇట్లనే పడ్తరు” అన్నాడాయన. కొంచెం ఆగి, “ఇంట్ల బియ్యం లేనినాడు నేను గూడ పట్టిన బిడ్డా. అబద్ధమెందుకు?” అన్నాడు.

వాడు నా వంక చూశాడు. మరునాడు తిరుగు ప్రయాణం. వాడి చేతికి ఇంకా ఒక్క చేప దొరకలేదు.

అప్పుడు నేను వాళ్ళకు ఒక సంగతి చెప్పాను. నాకు పదేళ్ళప్పుడు మా ఊరి చెరువులో ఇటువంటి ఎర్రగుంపే కనిపించింది. దానిమీదుగా గాలం లాగాను. ఒక్క ఊపున పట్టుకుంది. ఆకలితో కాదు, కోపంతో. నా మోచెయ్యంత చేప! ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. అమ్మ పులుసు పెట్టింది. మరునాడు పోయి చూస్తే ఆ ఎర్రమబ్బు సగమైంది. కొంగలు చుట్టూ నిలబడి ఉన్నాయి. మూడవనాడు అక్కడ ఏమీ లేదు. ఈ మాట నేనెవరికీ చెప్పలేదు. జంతువులు తమ పిల్లలను కాపాడుకొనే పాఠం చెప్పిన ప్రతి ఏడూ కోడిపెట్టను చెప్పాను, పిల్లిని చెప్పాను. కొర్రమట్ట పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మనుమరాలు గాలం పైకి తీసి దారం చుట్టేసింది. మనుమడు మాత్రం కొంతసేపు ఆలోచించి, “ఆ పులుసు బాగుందా తాతా?” అని అడిగాడు.

“బాగుంది” అన్నాను. ఏం చెయ్యను, బాగుంది మరి!

పెద్దాయన మమ్మల్ని కట్ట అవతలికి తీసుకుపోయాడు. అక్కడ చీకటిపడేదాకా కూర్చుంటే నాలుగు చిన్న పరకలు పడ్డాయి. ఒకటి మా మనుమడిది. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకొని వాళ్ళమ్మ దగ్గరకు పరుగెత్తాడు. దానికి ఉప్పూ కారం పట్టించి వేయిస్తే ఒక్క ముద్దకు సరిపోయింది.

మర్నాడు రాత్రికి మోస్రా చేరాము. తెల్లవారేసరికి పిల్లలిద్దరూ పక్కలమీద లేరు. చెప్పులు కూడా వేసుకోకుండా మా ఊరి చెరువుకట్టమీదికి వెళ్ళి, వంగి వంగి నీళ్ళలోకి చూస్తున్నారు. నన్ను చూడగానే మనుమరాలు నోటిమీద వేలు వేసుకొని, మెల్లగా రమ్మని సైగ చేసింది.