లమ్మసింగి చలియు, మోటారుబండియు

మా చోడవరమున చలి యనఁగా ధనుర్మాసపు వేకువను ముంగిట ముగ్గు పెట్టునప్పుడు వ్రేళ్ళు కొంచెము కొంకరలు పోవుటయే కాని వేఱు కాదు. చెఱకుతోఁటలపై మంచు విడిపోవువఱకు శాలువ కప్పుకొందుము. ప్రొద్దెక్కఁగానే దానిని మడిచి పెట్టెలో నుంతుము. స్వయంభూ విఘ్నేశ్వరుని కోవెలకుఁ బోవు దినమున చన్నీటిస్నానమునకు జంకు పెద్దలను జూచి పిల్లలు నవ్వుదురు. ఇట్టి యూరిలోఁ బెరిగినదానను గావున, మోటారుబండికిఁ గూడ చలివేయునని యెవరైన జెప్పియున్నచో నేనును నవ్వియే యుందును. గడచిన పుష్యమాసమున నా నవ్వు నాకే వెగటైనది. ఆ కథను, దాని వలన నేర్చిన నాలుగు మాటలను తోడి గృహిణులకు విన్నవించుట మేలని తలఁచితిని.

మా యూరు 2022 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ సంవత్సరము ఏప్రిలు మాసమున మా యూరు అనకాపల్లి జిల్లాలోను, పైనున్న మన్యము అల్లూరి సీతారామరాజు జిల్లాలోను జేరినవి. జిల్లాలు వేఱైనను చుట్టఱికములు వేఱుగావు. మా యాడపడుచును, ఆమె భర్తయు లమ్మసింగి దాఁటిన యొక గూడెమున ఉపాధ్యాయులు. ఆమె తొలిచూలు; ఏడవ నెల నడుచుచుండెను. ఎనిమిదవ నెలలో పయనము తగదని మా యత్తగారి పట్టుదల. శూన్యమాసము గదా యని నేనన, “కాన్పు మాసములు చూచి వచ్చునా?” యని యామె నన్నే మందలించిరి. మా వారికి సంక్రాంతి సెలవులు కలిసి వచ్చినవి. ఒక పాత డీసెలు జీపును అద్దెకు మాట్లాడుకొని, ఏఁబది దాఁటిన డ్రైవరుతోఁ గూడి బయలుదేఱితిమి.

వడ్డాది, రావికమతము, రోలుగుంటల మీఁదుగా నర్సీపట్టణము చేరువఱకు త్రోవ మా పొలములవంటిదే. అచ్చటినుండి కనుమదారి మొదలగును. ఒక్కొక్క మలుపునకు గాలి చల్లఁబడుచుండెను. మామిడితోఁపులు వెనుకఁబడి, కాఫీతోఁటలును, వానికి నీడనిచ్చు వృక్షములును, వృక్షములకుఁ బ్రాకిన మిరియపుఁదీఁగెలును ఎదురుపడినవి. ఈ మన్యపు బాటల పనిలోనే ఆంగ్లేయుల కాలమున గూడెము డెప్యూటీ తహశీలుదారు బాస్టియను కొండవారికి సరిగా కూలి నీయక బాధించెనని చరిత్రలోఁ జదివితిమి. ఆ క్షోభ పండియే 1922 ఆగస్టు 22వ తేదీని అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసుఠాణాను ముట్టడించెను. మనము హాయిగాఁ గూర్చుండి పోవు బాట యెవరి వీఁపుపై పఱచినదో మఱువరాదని మా వారు చెప్పుచుండఁగా వినుచుంటిని. ఆ మాట మఱునాఁటి వేకువకు నా యనుభవమే యగునని యప్పు డెఱుఁగను.

లమ్మసింగి సముద్రమునకు మూఁడువేల యడుగులకు పైఁబడిన యెత్తున నున్నది. దీనినే లంబసింగి యనియు, కొర్రబయలు అనియుఁ బిలుతురు. రాత్రి బయటఁ బరుండినవాఁడు తెల్లవాఱునప్పటికి కొర్రవలె, అనఁగా కఱ్ఱవలె, బిగిసిపోవునఁట. అందుచే నా పేరు వచ్చెనని స్థానికులు చెప్పుదురు. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధనా స్థానమువారు దినదినమును ఉష్ణోగ్రత కొలుతురు. మార్గశిర పుష్యములలో అది పది డిగ్రీలకు లోపల నుండుట సామాన్యము. సున్నకు దాపునకు దిగిన యేండ్లును గలవు. నిర్మలాకాశము గల రాత్రి నేల తన వేఁడిమిని పైకి విడిచివేయును. చల్లనిగాలి బరువెక్కి కొండచరియలనుండి జాఱి లోయలో నిలిచిపోవును. అందుచే కొండకొనకంటె కొండల నడిమి పల్లపు నేలయే యెక్కువ చల్లఁబడును.

ఆ రాత్రి జీపును ఇంటిముందటి బయలున నిలిపిరి. మూఁడవ జామున ఆడపడుచు మూలుగు విని మేల్కొంటిని. నడుము నొప్పియనెను, పిమ్మట కడుపు నొప్పియనెను. ఏడవ నెలలో నొప్పులన్నచో నాకు గుండె జాఱెను. ఆమె భర్త చేతిఫోను పట్టుకొని యెత్తైన చోటులకుఁ బరుగెత్తెను, ఎచ్చటను సంకేతమందలేదు. చింతపల్లి యాసుపత్రికిఁ బోవలయు. డ్రైవరు బండి యెక్కి తాళము త్రిప్పెను. “టక్” మను శబ్దమొక్కటి వచ్చెను. మఱల త్రిప్పెను. అదే శబ్దము, ఇంకను నీరసముగా. దీపములు మిణుకుమిణుకుమనెను.

“అమ్మా, బండి సలికి బిగుసుకుపోనాది” అని యతఁడు చేతులు పిసికికొనెను.

ఆడపడుచు దుప్పటిలోనుండి నా చేయి పట్టుకొని, “వదినా, బండి కదలదా?” యనెను. “కదలునమ్మా” యంటిని. అది నా నోట వచ్చిన యబద్ధము. భారతమున బాహుకుఁడను పేర నలమహారాజు ఋతుపర్ణునికి సారథియై, చిక్కిన గుఱ్ఱములను ఏఱి రథమునకుఁ బూనిచినప్పుడు, ఇవి యేమి లాగునని రాజు సంశయించెను గదా! వాని లోని బలము నలుఁడెఱుఁగును, రాజెఱుఁగఁడు. నేనో, మా జీపు పైరంగును జూచి నమ్మినదానను; లోపలి సంగతి యెఱుఁగను.

అలికిడి విని యిరుగుపొరుగు గుడిసెలవారు గొంగళ్ళు కప్పుకొని వచ్చిరి. ఒక పడుచువాఁడు ఇంజను క్రింద నెగడు వేయుదమనెను. నూనె కాఱిన బండి క్రింద నిప్పు పెట్టినచో బండియు దక్కదు, మనుష్యులును దక్కరని డ్రైవరు వారించెను. అప్పుడొక వృద్ధుఁడు, “దారి దిగువకే ఉన్నాది. నాలుగు సేతులేస్తే కదలని బండుందేటి?” యనెను. ఆడపడుచును లోపలఁ గూర్చుండఁబెట్టితిమి. ఆడువారును మగవారును గలిసి పదిమంది వెనుకఁ జేరి త్రోసిరి. మా వారును భుజమొగ్గిరి. డ్రైవరు రెండవ గేరులో నుంచి క్లచ్చి త్రొక్కిపట్టి, బండి పల్లమున పరుగందుకొనఁగానే విడిచెను. బండి యొకమాఱు కుదుపుకొని యాఁగెను. రెండవమాఱును అంతే. మూఁడవమాఱు తెల్లని పొగ కక్కి, దగ్గి, తుదకు గర్జించెను. వెనుకకుఁ దిరిగి చూడఁగా మంచులో వారి రూపములు కానరాలేదు. కేకలు మాత్రము వినవచ్చినవి. వారికి కృతజ్ఞత చెప్పుటకైనను బండి నాఁపుటకు ధైర్యము చాలలేదు.

ఆసుపత్రిలో వైద్యురాలు పరీక్షించి, ఇవి ప్రసవపు నొప్పులు గావనియు, అలసటచే వచ్చినవనియు జెప్పి సూదిమందిచ్చి, రెండు దినములు ఉంచుకొని పంపెను. ప్రాణము లేచివచ్చినది.

తిరుగుత్రోవలో నర్సీపట్టణమున మెకానికు మా బండి బ్యాటరీని పరీక్షించి, నాలుగేండ్ల నాఁటిదనియు, సత్తువ సగమైనను లేదనియు జెప్పెను. “ఇది చలికి చావలేదమ్మా, మీ యెండలకు ఎన్నఁడో చచ్చినది, చలి చెప్పినది, అంతే” యనెను. ఎంత సత్యము! బ్యాటరీ లోపలి పలకలను తినివేయునది వేసవి తాపము. చోడవరమున వెచ్చని యింజనును త్రిప్పుటకు మిగిలిన కొద్దిపాటి సత్తువ చాలెను, కొండమీఁద చాలలేదు. ఎండ దొంగ, చలి సాక్షి.

మా తమ్ముఁడు అమెరికాలో మిన్నియాపోలిసు నగరమున నున్నాఁడు. ఈ సంగతి ఫోనులోఁ జెప్పఁగా వాఁడు నవ్వలేదు, విపులముగా బోధించెను. సీసపు బ్యాటరీ సున్న డిగ్రీలయొద్ద తన బలములో దాదాపు మూఁడవ వంతు కోల్పోవును. సున్నకు దిగువ పదునెనిమిది డిగ్రీలయొద్ద సగమునకు మించి కోల్పోవును. ఆ సమయముననే ఇంజనులోని నూనె పేరిన నేతివలె చిక్కఁబడి, త్రిప్పుటకు మునుపటికంటె హెచ్చు బలము కోరును. ఆదాయము తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారమువంటిది. డీసెలు ఇంజనునకు మఱియొక చిక్కు: అందు నిప్పురవ్వ లేదు, గాలిని నొక్కుటచేఁ బుట్టిన వేఁడిమియే యింధనమును మండించును. చల్లని లోహము ఆ వేఁడిమిని హరించును. అందుకే వేఁడిచేయు ప్లగ్గులు అమర్తురు. మిక్కిలి చలిలో డీసెలులోని మైనము గడ్డకట్టి గొట్టములకు అడ్డుపడును. లమ్మసింగిలో నా భయము లేదు, లడఖులో నున్నది. అందుచే ఇండియన్ ఆయిలువారు 2019లో సున్నకు దిగువ ముప్పదిమూఁడు డిగ్రీలవఱకు గడ్డకట్టని డీసెలును అచ్చటికిఁ బంపిరి.

అదే 2019 జనవరి 30వ తేదీని మిన్నియాపోలిసునందును సున్నకు దిగువ ముప్పదిమూఁడు డిగ్రీల చలి. అట్టి దేశమునను బండ్లు నడచుచునే యున్నవి. అచ్చటివారి బండ్లు వేఱు జాతివి గావు, సంరక్షణము వేఱు. పలుచని నూనె పోయుదురు. ఇంజనును చల్లార్చు నీటిలో సగము గ్లైకాలు కలిపినచో సున్నకు దిగువ ముప్పదియేడు డిగ్రీలవఱకు గడ్డకట్టదు. ఉత్తర డకోటా వాసియగు ఆండ్రూ ఫ్రీమను ఇంజనును రాత్రియంతయు వెచ్చగానుంచు విద్యుత్తాపకమునకు 1949లో పేటెంటు పొందెను. నేఁటికిని కెనడా మొదలగు చలిదేశములలో బండికి తీఁగె తగిలించి నిద్రపోవుదురు. మనము పసిబిడ్డకు దుప్పటి కప్పినట్లు.

విద్యుద్బండ్ల సంగతి యేమని యడిగితిని. వానికిని చలి నచ్చదు. ఒక్కమాఱు నింపిన శక్తితోఁ బోవు దూరము శీతకాలమునఁ దగ్గును, నింపుటకుఁ బట్టు కాలము పెరుగును. ఐనను నార్వే దేశమున 2024లో అమ్ముడైన క్రొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది విద్యుత్తువే. కావున చలి యంత్రమునకు శత్రువు గాదు. మన యజాగ్రత్తకు శత్రువు.

మార్గశిరము వచ్చినది. మన వారెందఱో పిల్లలతో లమ్మసింగికిని, పాడేరు చెంతనున్న వనజంగి మేఘములఁ జూచుటకును బయనమగుదురు. పులిహోర మూటలు కట్టు సోదరీమణులు ఈ మాటలను గూడ మూటఁ గట్టుకొందురు గాక. బ్యాటరీ మూఁడేండ్లు దాఁటినదైనచో బయలుదేఱుటకు ముందే పరీక్షింపుఁడు. రాత్రి బండిని కప్పు క్రింద నిలుపుఁడు. లేనిచో పల్లమునకు మొగముగా నిలిపి, చక్రములకు రాయి యొడ్డుఁడు. ఆరు డిగ్రీలు తగ్గినచో చక్రములలోని గాలి యొక పౌండు తగ్గును, దానిని చూపించుఁడు. అద్దముపై వేఁడినీళ్ళు పోయకుఁడు, పగులును. ముఖ్యముగా మూసిన కొట్టములో ఇంజను నడిపి వెచ్చఁగాఁచుకొనరాదు; ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు, ప్రాణము తీయును. 2022 జనవరిలో పాకిస్తానమందలి మర్రీయను కొండయూరిదారిని మంచులో నిలిచిపోయిన బండ్లలో ఇరువదిమందికి పైగా మరణించిరి. కొందఱిని చలి గాక యీ విషవాయువే బలిగొన్నదని వార్తలు వచ్చినవి.

చైత్రమున మా యాడపడుచునకు ఆడుబిడ్డ కలిగినది. బారసాలకు ముందే మా వారు ఆ గూడెమునకుఁ బోయి, చోడవరపు బెల్లము పదిళ్ళకును బంచి వచ్చిరి. ఆ వృద్ధుఁడు బెల్లము పుచ్చుకొని, “బండి బాగున్నాదా?” యని యడిగెనఁట. బిడ్డ బాగున్నదని మా వారు బదులు చెప్పిరి.