పెద్ద మొక్క నీడ



మా ముందుగదిలో చేపలు పెంచే మూడడుగుల గాజు తొట్టి ఉంది. అందులో అమెజాన్ స్వోర్డ్ అనే నీటిమొక్కను కూడా పెంచుతున్నాం. ఆకులు కత్తుల్లా ఉంటాయి గనుక దానికా పేరు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. కొన్నప్పుడు జానెడే. చోటు నచ్చితే మూరెడు పెరుగుతుంది.

ఆకులు నీటి పైకంటా పరచుకుంటే కింది చిన్న మొక్కలకు వెలుతురు అందదు. అవి పసుపుబారి కుళ్ళి, నీటిని పాడుచేస్తాయి. రాత్రివేళ మొక్కలు కూడా నీటిలోని ప్రాణవాయువునే పీల్చుకుంటాయి. తొట్టి మరీ కిక్కిరిస్తే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. గుర్రపు డెక్క కమ్మిన చెరువును చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

దీన్ని అదుపులో ఉంచడానికి ఒక పద్ధతి ఉంది. ఆకును సగానికి కత్తిరించకూడదు. మిగిలిన ముక్క కుళ్ళుతుంది. బయటి వరుసలోని ముదురు ఆకును మొదలంటా కోయాలి. లేత ఆకులు నడుమ నుండి వస్తాయి గనుక వాటి జోలికి పోరాదు. ఒకేసారి మూడో వంతుకు మించి కోయరాదు. ఇది వేళ్ళతో బాగా తినే మొక్క. చిన్న మట్టికుండీలో నాటి తొట్టిలో దించితే వేళ్ళు పాకవు, మొక్క హద్దులో ఉంటుంది. ఎరువు తగ్గించాలి. దీపం రోజుకు 8 గంటలు చాలు.

"పచ్చటి ఆకుల్ని కొయ్యడానికి చేతులెలా వస్తాయండీ?" అని నా భార్య అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. మొక్క చెడ్డది కాదు. కాని తొట్టి దానొక్కదానిది కాదు. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు ఎండిన తీగెను గురించి మాత్రమే కాదు, కాపు కాసే తీగెను గురించి కూడా మాట్లాడాడు.

మా సంఘంలో కానుకల లెక్కలు ఇరవై ఏళ్ళు నా చేతిలో ఉన్నాయి. పైసా తేడా రాలేదు. అయినా కిందటి కోత పండుగ తరువాత ఆ పుస్తకాన్ని ఒక యవనస్థునికి అప్పగించాను. ఆ ఆదివారం ఇంటికి నడిచి వస్తుంటే చెయ్యి వెలితిగా ఉన్నది. ఇప్పుడు అతడు కూడికల్లో తడబడినప్పుడు నన్ను అడుగుతాడు, అడిగినంతవరకే చెబుతున్నాను. నోరు కట్టుకోవడం పుస్తకం ఇవ్వడం కంటె కష్టంగా ఉంది. అయితే ఈ మధ్య మరి ఇద్దరు యవనస్థులు కూడా సంఘ పనిలో చెయ్యి వేస్తున్నారు.

పెద్దలారా, మన ఇళ్ళలో కుటుంబ ప్రార్థనప్పుడు వాక్యం చదివే వంతు పిల్లలకు వస్తున్నదా? వంటింటి పెత్తనంలో కోడలికి పాలున్నదా? పొలం మాటల్లో కొడుకు సలహా వింటున్నామా? వారికి తగిలే వెలుతురుకు మనం అడ్డు కాకుండునట్లు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.