మామయ్య కారు – నాలుగు గేర్లు

కారులో గేరుబాక్సూ, డిఫరెన్షియలూ రెండూ ఒకే యేడు మూలపడితే యేం చెయ్యాలన్న చిక్కు మన పత్రిక చదివే కుటుంబాలలో యెక్కువమందికి వచ్చివుండదు. కొత్త కారు వున్నవారికి కంపెనీవాళ్ళున్నారు. బిల్లు చూసి గుండె దిటవు చేసుకోవడం తప్ప వారికి వేరే పని లేదు. మా మేనమామ సంగతి అలాంటిది కాదు. ఆయన దగ్గర వున్నది 1968 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైరు, మూడవ మార్కు. ఒక విదేశీ ఇంజనీరు యిక్కడ వాడుకొని అమ్మి వెళ్ళిన బండి. 1976లో కొన్నారు. అప్పటినుంచీ పెరంబూరులో ఆయన యింటి వసారాలోనే వుంటున్నది.

స్పిట్‌ఫైరు అంటే యిద్దరే కూర్చునే చిన్న బండి. పైకప్పు గుడ్డది, వెనక్కు మడిచి పెట్టుకోవచ్చు. ఇంగ్లండులో కోవెంట్రీ నగరం కాన్లీ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా తయారయింది. దాని రూపు గీసినవాడు ఇటలీ దేశస్థుడు మికెలోట్టి. ఆయనే గీసిన యింకొక బండి ట్రయంఫ్ హెరాల్డు. ఆ హెరాల్డు పేరు చెప్తే మన మద్రాసు పెద్దలకు ప్రాణం లేచివస్తుంది. 1961 నుంచి పదేళ్ళపాటు స్టాండర్డ్ హెరాల్డు పేరుతో యీ వూరి పొలిమేరలోనే తయారయిన కారు గదా అది! హెరాల్డు చట్రాన్నే కురచ చేసి, దానిమీద స్పిట్‌ఫైరును నిలబెట్టారు. అక్కాచెల్లెళ్ళన్నమాట. అందుకే యిన్నాళ్ళూ చిన్నాచితకా సామాను పుదుపేట పాత యినుము కొట్లలో దొరుకుతూ వచ్చింది.

మూడేళ్ళ కిందట బండి మూలగడం మొదలుపెట్టింది. మూలుగు అంటే అన్నీ ఒకటి కావు. మా మేస్త్రీ (హెరాల్డు బండ్ల మధ్యనే తల నెరిసినవాడు) నన్ను పక్కన కూర్చోబెట్టుకొని వీధులు తిప్పి చూపించాడు. ఒకటి, రెండు, మూడు గేర్లలో గరగరమని, నాలుగవ గేరులో పడగానే ఆ చప్పుడు అణిగిపోతే జబ్బు గేరుబాక్సులో వున్నట్టు. యెందుకంటే నాలుగవ గేరులో యింజను తిప్పుడు తిన్నగా వెనక్కు పోతుంది. కింద వున్న లేషాఫ్టుమీద బరువు పడదు. మిగతా మూడింటిలోనూ దాని బేరింగులే మోస్తాయి. అలాకాక, గేరు యేదైనా సరే, బండి వేగాన్నిబట్టి చప్పుడు పెరుగుతూ, యాక్సిలరేటరు తొక్కితే ఒక రాగం, వదిలితే ఒక రాగం పాడుతూ వుంటే జబ్బు వెనక డిఫరెన్షియలులో వున్నట్టు. మామయ్య బండి రెండు కచేరీలూ చేస్తున్నది. పైగా రెండవ గేరు తనంతట తానే వూడి బయటికి వస్తున్నది.

డిఫరెన్షియలు అంటే యేమిటని మా అత్తయ్య అడిగింది. కళ్ళంలో బంతి తొక్కించేటప్పుడు గుంజకు దగ్గరగా వున్న యెద్దు నాలుగడుగులు వేస్తే, చివరన వున్న యెద్దు పది అడుగులు వెయ్యాలి. కారు మలుపు తిరిగేటప్పుడు చక్రాల సంగతీ అంతే. లోపలి చక్రం తక్కువ తిరగాలి, బయటిది యెక్కువ తిరగాలి. రెంటికీ తగవు రాకుండా బలం పంచిపెట్టే పెట్టె అది. దానికి యింకొక పని కూడా వున్నది: యింజను వడిని తగ్గించి చక్రానికి బలం పెంచడం. మామయ్య బండిలో క్రౌను చక్రానికి 37 పళ్ళు, పినియనుకు 9. అంటే ప్రొపెల్లరు షాఫ్టు 4.11 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. యీ 4.11 అనే అంకె మా యింట్లో ఆరునెలలపాటు యెంత వినిపించిందంటే, మా చిన్నవాడు క్రికెట్టు స్కోరనుకున్నాడు.

యిక మార్చడమా, బాగుచెయ్యడమా? మారిస్తే దేనితో? యిల్లంతా తలొక మాట.

అమెరికాలో వున్న మా బావ (మామయ్య కొడుకు) టెలిఫోనులో అయిదు గేర్లు పెట్టించమన్నాడు; డబ్బు తను పంపుతానన్నాడు. ఇంగ్లండులో యీ బండ్లకు ఫోర్డు సియెర్రా కారులోని అయిదు గేర్ల బాక్సును బిగిస్తారు. దాన్ని టైపు 9 అంటారు. అయిదవ గేరు 0.82. అంటే యింజను వంద చుట్లు తిరగవలసినచోట 82 తిరిగితే చాలు. మన వూళ్ళో మరొక మేస్త్రీ అంతదూరం పోనక్కరలేదనీ, ఐసుజు యింజను అంబాసిడరులోని అయిదు గేర్ల బాక్సు తెచ్చి తగిలిస్తాననీ అన్నాడు. తగిలిస్తాడు, సందేహం లేదు. మనవాళ్ళు తగిలించలేనిది లేదు. కాని ఆ బాక్సు పెద్దది, బరువైనది. దానికోసం చట్రంమీద ఆనింపులు కోసి కొత్తవి అతకాలి.

అక్కడ నాకు బెదురు పుట్టింది. ఆఫీసులో కాగితాలతో పొద్దుపుచ్చేవాణ్ణి గనుక ముందు చట్టం తీసి చూశాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేటట్టు బండిని మార్చకూడదు. 2021లో పాత బండ్లకోసం వేరే నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 యేళ్ళు దాటిన బండిని ‘వింటేజి’గా నమోదు చేయించుకోవచ్చు, అయితే అది అసలు రూపంలో వుండాలి, చట్రం, ఒళ్ళు, యింజను పెద్దగా మార్చివుండకూడదు. గేరుబాక్సు మాట అందులో లేదు గాని, చట్రం మాట వున్నది. రేపు ఆ నమోదు కావాలంటే చట్రానికి రంపం తగలకూడదన్నది నా వాదం. బావ రెండు రోజులు ఫోను చెయ్యలేదు.

పుదుపేటలో ఒక హెరాల్డు డిఫరెన్షియలు వున్నదని తెలిసి మేస్త్రీతో నేనూ వెళ్ళాను. జిడ్డూ మట్టీ కలిసి నల్లరాయిలా వున్నది. పెట్టె విప్పకుండా అంకె కనిపెట్టే వుపాయం ఒకటి వున్నది. ఒకవైపు ఇరుసు కదలకుండా పట్టుకొని, రెండవవైపు దాన్ని రెండు చుట్లు తిప్పి, ముందు పినియను యెన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. ఒక వైపు ఆగివుంటే రెండవది రెండింతలు తిరుగుతుంది గనుక రెండు చుట్లు. నేను సుద్దముక్కతో గీత పెట్టి లెక్కపెట్టాను. అయిదుకు కొంచెం తక్కువ. మేస్త్రీ అప్పటికే అన్నాడు, 39కి 8 వుంటుందని, అంటే 4.875. అది 948 సీసీ యింజను హెరాల్డుకు సరి. చిన్న యింజను, నలుగురు మనుషులు, సామాను. దానికి బలం కావాలి. 1296 సీసీ స్పిట్‌ఫైరుకు పెడితే బండి లేడిలా లేస్తుంది గాని, రోడ్డుమీద కుయ్యోమని అరుస్తుంది.

యెంత అరుస్తుందో ఆ రాత్రి కాగితంమీద వేసి చూశాను. యీ బండి చక్రం ఒక చుట్టుకు సుమారు 1.72 మీటర్లు దొర్లుతుంది. గంటకు 100 కిలోమీటర్లు పోవాలంటే నిమిషానికి 969 చుట్లు. నాలుగవ గేరులో 4.11తో అయితే యింజను 3,980 చుట్లు తిరగాలి. పుదుపేట సరుకుతో 4,720. తరవాత వచ్చిన నాలుగవ మార్కు స్పిట్‌ఫైరులో 3.89 పెట్టారు; దానితో 3,770. చివరి 1500 రకంలో 3.63, దానితో 3,520. యీ చివరి రెండూ చూడడానికి ముచ్చటగా వుంటాయి. కాని నాలుగవ మార్కు పెట్టెపైన కమానుకట్ట బిగించే తీరు వేరు. తెచ్చి యథాతథంగా కూర్చోదు. లోపలి క్రౌనూ పినియనూ జతగా తీసి పాతపెట్టెలోకి యెక్కించాలి. అంతకన్న పెద్ద చిక్కు, పెద్ద వూరి ట్రాఫిక్కు. వెనక అంకె తగ్గినకొద్దీ ముందు గేరుకు బలం తగ్గుతుంది. యీ బండిలో మొదటి గేరుకు సింక్రోమెషు లేదు. బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు మెత్తగా పడదు. మూలకొత్తలం వంతెన దగ్గర సాయంత్రం ఆరుగంటలకు మాటిమాటికీ ఆగి మొదటి గేరు వేసుకుంటూ కూర్చోవడం యెవరి తరం?

నా మనసు మాత్రం ఓవర్‌డ్రైవుమీద వున్నది. లేకాక్ వారిది. 1963 నుంచి స్పిట్‌ఫైరుకు అదనపు ధర చెల్లిస్తే ఫ్యాక్టరీవాళ్ళే బిగించి యిచ్చేవారు. గేరుబాక్సు వెనక మరొక చిన్నపెట్టె. ఒక మీట నొక్కితే మూడు, నాలుగు గేర్లలో యింజను వడి అయిదోవంతు తగ్గుతుంది. 100 కిలోమీటర్లకు 3,190 చుట్లు చాలు. చట్రం కొయ్యనక్కరలేదు; కంపెనీ యిచ్చిన వస్తువే గనుక అసలు రూపం చెడదు. అయితే మామూలు బాక్సుకు దాన్ని తగిలించడం కుదరదు, లోపలి మెయిన్‌షాఫ్టే వేరు. మొత్తం బాక్సు కొనాలి, ప్రొపెల్లరు షాఫ్టు కురచది కావాలి. యివన్నీ ఇంగ్లండునుంచి రావాలి. బరువుకు కిరాయి, దానిమీద సుంకం. అయినా మామయ్యకు ఒక మాట చెప్పాను: “మామయ్యా, ఆ మీట నొక్కడానికి క్లచ్చి తొక్కనక్కరలేదు. మీ యెడమ మోకాలికి సుఖంగా వుంటుంది.”

ఆయనకు 79 యేళ్ళు. మోకాలు నొప్పి వున్నదని యింట్లో అందరికీ తెలుసు. యెవరూ పైకి అనరు. అంటే ఆ తరవాతి మాట ‘మీరింక బండి నడపకండి’ అన్నదే అవుతుంది. నేనే అనేశాను. అత్తయ్య వంటింట్లో గిన్నె కిందపెట్టిన చప్పుడు వినిపించింది.

మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకొని అన్నారు: “ఒరే అబ్బాయ్, మోకాలు నొప్పిపుట్టించేది నాలుగవ గేరు కాదురా. మొదటిదీ, రెండవదీ. వూళ్ళో నీ మీట యెందుకు పనికొస్తుంది? సూళ్ళూరుపేటదాకా పోవడానికి 80 చాలు. 80కి యెన్ని చుట్లో చెప్పు.”

లెక్కవేశాను. 4.11తోనే 3,190. ఓవర్‌డ్రైవుతో 100లో యెంతో అంతే.

సూళ్ళూరుపేటలో మా అమ్మ వుంటున్నది, మా అన్నయ్య దగ్గర. మామయ్యకు అక్క. యేటా భోగికి ముందురోజు మామయ్య యీ బండిలో బయల్దేరి వెళ్ళి, కనుమ వెళ్ళాక తిరిగివచ్చేవారు. మూడు సంక్రాంతులుగా బస్సులో వెళ్తున్నారు. బండి యేదిరా అని అమ్మ అడగడం మానలేదు. దానికీ గేర్లకూ సంబంధం లేదని బావ అంటాడు. నాకు అలా తోచదు.

చివరకు మామయ్య మాటే నెగ్గింది. గేరుబాక్సు పాతదే, లోపల లేషాఫ్టు, సూది బేరింగులు, యిత్తడి సింక్రో రింగులు, సీళ్ళు కొత్తవి. డిఫరెన్షియలు మాత్రం పినియను పళ్ళు గుంటలుపడి పనికిరాకుండా పోయినందున, ఇంగ్లండులో బాగుచేసి అమ్మే 4.11 పెట్టె తెప్పించాము. అక్కడి 1200 హెరాల్డుకూ యిదే అంకె గనుక దొరకడం కష్టంకాలేదు. వుత్తరాలన్నీ నేనే రాశాను. యిన్‌వాయిసుమీద పళ్ళసంఖ్య తప్పకుండా వెయ్యమన్నాను, వేశారు. డబ్బు బావే పంపాడు, అయిదు గేర్లు లేకపోయినా.

యీ బండిలో ఒక సుగుణం వున్నది. గేరుబాక్సు కిందినుంచి దింపక్కరలేదు. సీట్లు తీసి, మధ్యనున్న డొప్ప విప్పితే లోపలినుంచే పైకి వస్తుంది. వెనకపెట్టె అలా కాదు. కమానుకట్ట దానిపైనే కూర్చుని వుంటుంది. బిగువుమీద వున్న కట్టను తొందరపడి విప్పితే మనిషికి దెబ్బ తగులుతుంది. మేస్త్రీ ఆ పూట కుర్రవాళ్ళను దగ్గరికి రానివ్వలేదు.

ఆయిలు విషయం కూడా చెప్పాలి, పాతబండ్లు వున్నవారికి వుపయోగపడుతుంది. రెంటికీ నంబరు 90 ఆయిలే గదా అని ఒకే డబ్బాలోది పొయ్యకూడదు. వెనక డిఫరెన్షియలుకు జీఎల్-5 రకం పోసినా ఫరవాలేదు. గేరుబాక్సులో మాత్రం జీఎల్-4 రకమే మేలు. కొన్ని జీఎల్-5 నూనెలలో కలిపే గంధకపు మందులు యిత్తడి రింగులను తింటాయి. మేస్త్రీకి యిది తెలియక కాదు. కొట్టువాడు యిచ్చినది తెచ్చే కుర్రవాడికి తెలియదు. అందుకని నేనే వెళ్ళి డబ్బామీద చదివి తెచ్చాను.

మొదటి 500 కిలోమీటర్లు వూళ్ళోనే, తెల్లవారుజామున తిప్పాము. రెండవ గేరు వూడడం లేదు. లేషాఫ్టు గరగర పోయింది. వెనకనుంచి 60 దగ్గర, యాక్సిలరేటరు వదిలినప్పుడు, సన్నగా తుమ్మెదలాంటి చప్పుడు వస్తున్నది. మేస్త్రీ నూనె తీసి చూశాడు, రజను లేదు. మరొకసారి విప్పి షిములు సర్దనా అని అడిగాడు. మామయ్య వద్దన్నారు. భోగికి ముందురోజు తెల్లవారి అయిదున్నరకు బయల్దేరారు. పక్కసీట్లో అత్తయ్య కూర్చుంది గనుక నాకు చోటు లేదు. నేను బస్సులో వెనక వెళ్ళాను. తడ దాటాక మా బస్సు వారిని దాటిపోయింది. ఆయన యెడమవైపున, తన 80లో తాను పోతున్నారు.