రంగు నిలుచుట

రంగు వేసిన గుడ్డ యెండకు వెలియుట బందరువారికి క్రొత్త సంగతి కాదు. పెడనలో కలంకారీ అద్దకము చేయువారు నూలుగుడ్డను ముందుగా కరక్కాయ నీట ముంచి యార్చి, పటికతో నద్దిన పిమ్మటనే యెఱ్ఱరంగులో నుడికింతురు. పటిక తగిలిన చోట నెఱుపు నిలుచును. తగులని చోట నుతుకునకు పోవును. బాల్యమున నా పని చూచి, రంగుకంటె రంగును పట్టియుంచు వస్తువే గొప్పదని తలంచెడివాడను. ఇటీవల సూర్యకాంతిచే నీటినుండి ఉదజనిని తీయు యత్నములను గూర్చి చదువగా ఆ తలంపే మరల కలిగినది.

ఉదజని మండినచో మిగులునది నీరే. పొగ లేదు, మసి లేదు. 1972వ సంవత్సరమున జపానుదేశీయులగు ఫుజిషిమా, హోండా యనువారు టైటానియం డయాక్సైడుపై వెలుతురు పడజేసి నీటిని విడదీసిన సంగతిని ప్రకటించిరి. కాని యా తెల్లని పదార్థము గ్రహించునది అతినీలలోహిత కిరణములనే. అవి యెండలో నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే. తక్కిన వెలుగును పట్టుటకు రంగుపదార్థము కావలెను.

రంగుకణము వెలుతురును మ్రింగి యొక ఎలక్ట్రానును ఉత్ప్రేరకమున కందించును. ఉత్ప్రేరకము దానిని ప్రోటానులతో గూర్చి ఉదజనిని పుట్టించును. చిక్కంతయు నిచటనే యున్నది: పని చేయించు వెలుతురే రంగును చంపును. రుథీనియం రంగులలో లోహమును చుట్టియున్న భాగ మొకటి యూడిపోయి, ఆ చోట నీటికణము చొరబడవచ్చును. ఉత్ప్రేరక కణములు ముద్దగట్టుటయు గలదు. అంతట పని యాగును.

జర్మనీలోని ఉల్మ్, యేనా విశ్వవిద్యాలయములవారు 2018 మొదలు కలిసి పరిశోధించుచు, రంగును ఉత్ప్రేరకమును పాలిమరులలో నిలుపుటకు యత్నించినారు. పాలిమరనగా చిన్న కణములు గొలుసువలె కూడిన పెద్దకణము. మన నూలుపోగులోని సెల్యులోజును అట్టిదే. గొలుసుపై విద్యుదావేశ మున్నచో, వ్యతిరేకావేశము గల ఉత్ప్రేరకము దానిని పట్టుకొని, రంగునకు చేరువగా నుండును, ముద్దగట్టదు. గొలుసులు మరీ దట్టమైనను చిక్కే, వెలుతురును నీరును లోనికి పోజాలవు.

ఒక్క మాట చెప్పక తప్పదు. ఇట్టి ప్రయోగములలో పెక్కింట ఎలక్ట్రానుల నిచ్చునది నీరు గాక, ఉసిరికలోని సి విటమినువంటి వేఱొక పదార్థము. అది తరిగినచో రంగు బాగుగనే యున్నను పని నిలుచును. ఈ సంగతి దాచి, నీరే యింధనమైనదని చాటుట నాకు నచ్చదు.

మన దివిసీమలో బావి త్రవ్విన ఉప్పునీరే పడు చోటులు గలవు. ఉప్పులోని అయానులు ఆవేశముల పట్టును సడలించును గదా! మంచినీట నిలిచిన పాలిమరు ఆ నీట నెన్నాళ్లు నిలుచునో, మన విద్యార్థులలో నెవరైన పెద్దచదువులకు పోయి పరీక్షించినచో, ఫలితము నాకు తప్పక వ్రాయుదురు గాక.